సరి నంబరు పిల్లలు

మూడు గళ్లు. మూడింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి, కింద నాలుగు వాక్యాలు రాయాలి, సంతకం చేసి పదకొండింటికల్లా పాలమూరు శిక్షణ కేంద్రంలో శివకుమార్ సారు చేతిలో పెట్టాలి. అంతే పని. మక్తల్ బస్టాండులో బస్సెక్కేటప్పుడు శ్రీదేవి అట్లాగే అనుకుంది, అంతే పని అని. కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టరమ్మ ఆధార్ కార్డు వంక చూసీచూడనట్టు చూసి జీరో టికెట్టు చేతిలో పెట్టింది. ఒళ్లో సంచి, సంచి మీద అట్ట, అట్ట మీద ఫారం, టీచర్లు తమ క్లాసు మీద రాసే పరిశోధన పేపరుది. ఒకటో గడి, పిల్లలను రెండు గుంపులు చేసి పోల్చడం. రెండో గడి, తరగతి మొత్తానికీ ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష. మూడో గడి, ఒక్క పిల్లనో పిల్లవాణ్నో పట్టుకుని నాలుగు నెలలు వెంట నడవడం. పెన్ను ఒకటో గడి దాకా పోతుంది, అక్కడ ఆగుతుంది. రోడ్డు నున్నగా ఉంది, గుంతల మీద నెపం వేయడానికి కూడా లేదు. మనసు ఒక్కోసారి ఇంటి కుక్కలాంటిది. మనిషికి కనబడనిదేదో చూసి మొరుగుతుంది, ఏందే అంటే చెప్పదు.

ఒకటో గడే. అందులో ఆలోచించేదేముంది, జూలై నుంచి నడుస్తున్నది అదే కదా. తొమ్మిదో తరగతిలో ముప్పై ఎనిమిది మంది. ఆమె చెప్పేది తెలుగు. పిల్లలు రోజూ అరపేజీ తమకు తోచింది తమ ఇంటి మాటలో రాసుకుంటే, మేడం తప్ప ఎవరూ చదవకుండా, మేడం కూడా ఎర్రసిరాతో గీతలు పెట్టకుండా ఉంటే, నాలుగు నెలలకు వాళ్ల రాత బాగుపడుతుందా లేదా, ఇదీ ఆమె ప్రశ్న. బేసి నంబర్ల పందొమ్మిది మందికి ఆకుపచ్చ అట్టల నోటుబుక్కులు ఇచ్చింది. సరి నంబర్ల పందొమ్మిది మందికి ఏమీ లేదు, మామూలు పాఠమే. హాజరుపట్టీలో నంబర్లు బడిలో చేరిన వరసన పడ్డవి, ఎవరి మీదా పక్షపాతం లేదు, చీటీలు తీసినంత న్యాయం. ఒకరి బుక్కులోకి ఒకరు తొంగి చూడొద్దని బేసి వాళ్లను ఎడమ దిక్కు, సరి వాళ్లను కుడి దిక్కు కూర్చోబెట్టింది. లెక్కలు చెప్పే అంజయ్య సారు కిటికీలోంచి చూసి నవ్వాడు. "ఏంది మేడం, పెండ్లి బంతి లెక్క రెండు దిక్కుల కూసోవెట్టిండ్రు. వడ్డించుడు ఒక దిక్కుకేనా?" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. పెద్దాయన, ఏదో ఒకటి అంటూనే ఉంటాడు, పట్టించుకుంటే పాఠం సాగదు. శివకుమార్ సారైతే మెచ్చుకున్నాడు. ఆయనది చిట్యాల దిక్కు, నెమ్మదస్తుడు, టీచర్లను విసుక్కోని లెక్చరర్లు జిల్లాలో ఎంతమంది ఉంటారని. "పోల్చనీకి ఇంకోటి లేకపోతె, మీ మందు పన్జేసిందా, రోగం దానంతటదే తగ్గిందా, ఎట్ల తెలుస్తది మేడం?" అన్నాడు. ఎంత సులువుగా చెప్పాడు. పేపరు బాగుంటే శిక్షణ కేంద్రానికి డెప్యుటేషన్ మీద పిలిపిస్తానని కూడా అన్నాడు. అది కూడా అంతే సులువుగా అన్నాడు. పాలమూరులో భర్త మల్లేష్ కరెంటాఫీసు ఉద్యోగం, ఆరేళ్ల కూతురు శ్రీవాణి. మక్తల్‌లో కిరాయి అర్రలో ఆమె ఒక్కతే. రోజూ సాయంత్రం ఫోనులో బిడ్డ అడుగుతుంది, ఇయ్యాల ఏం వారమమ్మా అని. సోమవారం అంటే చప్పుడు చేయదు. శుక్రవారం అంటే, రేపు అమ్మ ఇంటికొస్తుందని కిలకిలమంటుంది. ఒకటో గడికి టిక్కు పెడితే ఆ పిల్లకు రోజూ శనివారమే.

జక్లేర్ దాటింది. రోడ్డుకు రెండు పక్కలా సీడు పత్తి. ఎర్రనేల మీద పచ్చగా నడుమెత్తు చెట్లు, చెట్ల మీద అక్కడక్కడ ఎర్ర కాయితం ముక్కలు, దూరం నుంచి చూస్తే పూలేమో అనిపిస్తుంది. పూలు కావు, గుర్తులు. మధ్యాహ్నం పూట రేపు విచ్చబోయే మొగ్గను పట్టుకుని, రేకులు ఒలిచి, లోపలి మగ పొడిని గోటితో గిల్లి తీసేసి, గిల్లినట్టు గుర్తుగా ఎర్ర కాయితం తొడుగుతారు. తెల్లారి మగ చెట్ల పూలు తెచ్చి ఆ మొగ్గకు రుద్దుతారు. క్రాసింగ్ అంటారు దీన్ని, ఆగస్టు నుంచి దసరా దాకా ఇదే పని. పెద్దవాళ్ల వేళ్లకు మొగ్గ నలిగిపోతుంది, అందుకని చిన్నవేళ్ల వాళ్లు కావాలి. శ్రీదేవి వేళ్లు కూడా ఒకప్పుడు చూశారు. పదకొండేళ్లు. మేస్త్రీ ఇంటి ముందు నిలబడి అక్క కరుణ వేళ్లూ తన వేళ్లూ తిప్పి తిప్పి చూశాడు, సంతలో దూడ పండ్లు చూసినట్టు. నాయిన ఎల్లస్వామి పక్కన నిలబడి, మంచి ఏళ్లే సార్, సూది లెక్క ఉంటయ్ అన్నాడు, ఆ సంగతి అప్పుడు పొగడ్తలాగే వినిపించింది. రెండేళ్లు పోయారు ఇద్దరూ. మొగ్గకు ఒక వాసన ఉంటుంది, ఆ వాసన మీద మందు వాసన, ఆ వాసన చేతుల మీద. అన్నం తింటుంటే అన్నానికి వచ్చేది. మూడో ఏడు సుగుణమ్మ టీచరు చేను గట్టు దాకా వచ్చి శ్రీదేవి మణికట్టు పట్టుకుంది. ఈమెను నేను తోలుకపోత, పరీక్ష రాయిస్త, హాస్టల్ల సీటొస్తది అంది. ఇద్దరినీ కాదు, ఒకర్నే. నాయిన కాసేపు నేల చూసి, ఒకతె పోతె పోనియ్, ఒకతె ఉండాలె గద అన్నాడు. అక్క ఉండిపోయింది. అక్కకు ఇప్పుడు ఎడమ కన్ను మసక. ఏ ఏడు మొదలైందో ఇంట్లో ఎవరికీ యాది లేదు, అక్కకే యాది లేదు, ఒకనాడు సూదిలో దారం ఎక్కకపోతే తెలిసిందట. సుగుణమ్మ టీచరు తననే ఎందుకు పట్టుకుందో శ్రీదేవి ఎన్నడూ అడగలేదు. దగ్గర నిలబడ్డది తానేమో. గట్టుకు దగ్గరి సాలు తనదేమో, అంతేనేమో.

టిక్కు పెట్టు. పెట్టేసి కళ్లు మూసుకో, పాలమూరు దాకా నిద్రపోవచ్చు. ఫారంతో పాటు జతచేయడానికి ఒక కాయితం ఉంది, రెండు వరసలు. ఎడమ వరసలో బేసి నంబర్లు, ఒక్కొక్కరి పేరు పక్కన ఆమె చిన్న అక్షరాలతో రాసుకున్నది కిక్కిరిసి ఉంది. ఎవరు ఎన్ని పేజీలు రాశారు, ఎవరి వాక్యం పొడుగైంది, ఎవరి ఇంట్లో బర్రె ఈనింది, ఎవరి అన్న షాద్‌నగర్ కంపెనీకి పోయాడు, ఎవరు రాత్రిపూట భయపడతారు, అన్నీ. కుడి వరసలో పేర్లున్నాయి. పక్కన జూన్ పరీక్ష మార్కులున్నాయి. అంతకు మించి ఏమీ లేదు, తెల్లగా ఉంది. అట్లాగే ఉండాలి మరి, దాన్నే పోలిక అంటారు. శివకుమార్ సారు ఇంకొక మాట కూడా చెప్పాడు, పదిహేను రోజుల కన్నా ఎక్కువ బడికి రానివాళ్లను లెక్కలోంచి ఏరేయాలట, లేకపోతే అంకెలు చెడిపోతాయట. చేనులో కూడా అంతే. ఎర్ర గుర్తు లేకుండా తనంతట తాను కాసిన కాయను ఆఖరున ఏరి పారేస్తారు, ఉంచితే విత్తనమంతా పనికిరాదంటారు. పిల్లలే ఏరేవాళ్లు ఆ కాయలు. శ్రీదేవి కూడా ఏరింది, మంచి కాయలే, గుర్తు లేదు, అంతే. క్రాసింగ్‌కు పోయే పిల్లలకే బడి పదిహేను రోజులు ఎగిరిపోయేది. వాళ్లను ఏరేస్తే మిగిలేది ఎవరు? ఈ ప్రశ్న సారును అడగాలనుకుంది, అడగలేదు.

మందు అనే మాట తగిలితే చాలు పదిహేడో నంబరు గుర్తొస్తాడు. విజేందర్. ఆగస్టులో ఒక శనివారం ఇదే రోడ్డు మీద ఇట్లాంటి బస్సులోనే నోటుబుక్కులు చదువుకుంటూ ఇంటికి పోతోంది, విజేందర్ బుక్కులో మూడు వాక్యాలు. మందు కొట్టి వచ్చినంక దీపం రెండు దీపాలు అవుపడుతుంది. నోట్ల నీళ్లూరుతున్నయ్. ఇంట్ల చెప్తె పని దొంగ అంటరు. అక్షరదోషాలు రెండే ఉన్నాయి, ఆ సంగతి ముందు చూసింది ఆమె, ఆ తర్వాత అర్థం చూసింది. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గవుతుంది. మరికల్‌లో దిగిపోయి, ఎదురుబస్సు పట్టుకుని వెనక్కి వచ్చి, అంజయ్య సారు బండి మీద వాళ్లింటికి పోయి, పిల్లవాణ్ని మక్తల్ దవాఖానలో వేసింది. ఒంటి మీద చొక్కా లేకుండా, మూతికి గుడ్డ లేకుండా తడి పత్తిలో తిరిగాడట పదిహేను రోజులు. ఇంకొక వారమైతే దక్కేవాడు కాదు అన్నాడు డాక్టరు. ఆ రాత్రి శ్రీవాణి శనివారం అబద్ధమైంది, మల్లేష్ మూడు రోజులు ముభావంగా మాట్లాడాడు. అయినా పిల్లవాడు బతికాడు, ఇప్పుడు చివరి బల్ల మీద కూర్చుని ఇకిలిస్తున్నాడు, సంతోషమే కదా. శివకుమార్ సారుకు చెప్తే ఆయన కూడా సంతోషించాడు. కాని అది పేపర్ల రాయకుండ్రి మేడం, మీ ప్రశ్న రాత గురించి, ఆరోగ్యం గురించి కాదు అన్నాడు. అదీ నిజమే. ఆ సోమవారం ఆమె క్లాసులో అడిగింది, మందు కొట్టే చేన్లకు ఎవరెవరు పోతున్నారో చేతులెత్తమని. ఒక్క చెయ్యి లేవలేదు. ముప్పై ఎనిమిది మంది ముందర ఎవరు ఎత్తుతారు? తాను ఎత్తేదా ఆ వయసులో? ఆ సంగతి తెలిసీ, చెయ్యి లేవలేదు కదా అని ఊపిరి పీల్చుకుంది. విడివిడిగా పిలిచి అడగొచ్చు. బేసి వాళ్లను అడగనక్కర్లేదు, బుక్కులున్నాయి. సరి వాళ్లను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడితే పోలిక చెడిపోతుంది. ఆ మాట పైకి అనలేదు ఎవరితోనూ. లోపల అనుకుంది, అనుకున్నానని కూడా తెలియనంత మెల్లగా.

ముందు సీటులో ముసలామె వెనక్కి తిరిగి ఫోను చాచింది. "జర గీ నంబరు ఎవరిదో సూడు బిడ్డా, నాకు అంత పొగ లెక్క అవుపడుతది." పాలమూరు నుంచి కొడుకు. చూసి చెప్పింది. ముసలామె ఫోను తీసుకుని కళ్లకు ఆనించుకున్నంత దగ్గర పెట్టుకుని చూసింది, తల కొంచెం పక్కకు వంచి. తల పక్కకు వంచి. ఆ వంపు ఎక్కడ చూసింది తాను? ఎక్కడో కాదు, కుడి దిక్కున నాలుగో బల్ల. ఇరవై రెండో నంబరు, నిహారిక. బోర్డు మీద రాసింది పక్కపిల్ల బుక్కులో చూసి ఎక్కించుకుంటోంది, తల ఇట్లాగే పక్కకు వంచి. దొంగతనంగా చూస్తుందని కసిరింది శ్రీదేవి. మొదటి బల్లలో కూసుంట మేడం అంది ఆ పిల్ల. మొదటి బల్ల ఎడమ దిక్కున ఖాళీ ఉంది, కుడి దిక్కున లేదు. ఎడమ దిక్కు కూర్చుంటే మళ్లీ గుంపులు కలుస్తాయని, నీ జాగాల నువ్వు కూసోమ్మా అంది తాను. ఎప్పుడది? జెండా పండుగ తర్వాతనా? తర్వాతనే, గోడకు రంగుకాయితాలు ఇంకా ఉన్నాయి. వంట చేసే కృష్ణమ్మ ఒకనాడు పళ్లెం చూపించి, గీ పొల్ల బువ్వ ముట్టుతలేదు టీచరమ్మా, పప్పు మంచిగ లేదంటదా ఏంది అని దెప్పింది. ఎవరి పళ్లెం అది? చూడలేదు. చూసింది. నీలంరంగు రిబ్బను. నిహారికే. మూతి తుడుచుకుంటుంది ఊరికే చున్నీ కొసతో, పాఠం చెప్తుంటే తుడుచుకుంటుంది, చున్నీ కొస తడిగా ఉంటుంది. అదొక అలవాటు అనుకుంది. అలవాటే కావచ్చు. పిల్లలకు నూటొక్క అలవాట్లు. పెన్ను మూత పెట్టింది, తీసింది. బస్సు చేతికర్రలా తిన్నని రోడ్డు మీద పోతూనే ఉంది, బయట ఎవడో చేనులో వీపున డబ్బా కట్టుకుని గాలికి ఎదురు నడుస్తున్నాడు, వాడి ముందు తెల్లటి తుంపర, తుంపర వెనక నలుగురు పిల్లలు వంగి మొగ్గలు గిల్లుతున్నారు, బస్సు వాళ్లను దాటింది, ఇంకొక చేను, ఇంకొక నలుగురు.

బుక్కు అడిగింది కదా ఆ పిల్ల. అది గుర్తుకు రాకూడదనే ఇంతసేపూ అక్కనూ నాయిననూ సుగుణమ్మ టీచరునూ అడ్డం తెచ్చుకుంది మనసు. స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది, ఒక కాలు మీద ఒక కాలు వేసుకుని. "మేడం, నాకు గూడ ఒక పచ్చ బుక్కు ఇయ్యరాదు." ఇస్తాగాని నవంబరు తర్వాత అంది శ్రీదేవి. అప్పటిదాంక ఎందుకు మేడం అంటే, నీది సరి నంబరు గదమ్మా అంది. "అయితె నా నంబరు మార్చరాదు మేడం?" ఎంత ముద్దుగా అడిగింది. స్టాఫ్‌రూములో అందరూ నవ్వారు, శ్రీదేవి ఆ మాటను శివకుమార్ సారుకు కూడా ఫోనులో చెప్పి నవ్వించింది, చూడండి సార్, పిల్లలకు రాయాలని ఎంత ఉబలాటమో అని. నిహారిక కూడా నవ్వింది, నవ్వి, చున్నీతో మూతి తుడుచుకుని పోయింది. ఎప్పుడది? విజేందర్ దవాఖాన నుంచి వచ్చి బడిలో కూర్చున్న రెండో రోజు. తాను బుక్కులో రాస్తే మేడం ఇంటికొచ్చి దవాఖానకు తీసుకుపోయిందని వాడు బడంతా చాటిన రెండో రోజు. ఆ రెండు రోజులనూ పక్కపక్కన పెట్టి చూడటం ఇప్పటిదాకా తట్టలేదు. బుక్కు రాసుకోవడానికి అడగలేదు ఆ పిల్ల. పిల్లల లెక్కలో పచ్చ బుక్కు ఒక దారి, దాంట్లో వేస్తే మేడం వస్తుంది. నోటితో చెప్పొచ్చు కదా అనడానికి లేదు. నోటితో చెప్పడానికే అయితే ఆనాడు చెయ్యే ఎత్తేది. ఆ పిల్ల ఒకే ఒక్క తలుపు తట్టింది, లోపలి నుంచి తాను నంబరు అడిగింది.

మరికల్ వచ్చింది. బస్సు ఆగింది, కొందరు దిగారు, కందులమ్మే ఆమె ఎక్కింది. నిహారిక బడికి రాక ఇది ఆరో రోజు. పోయినసారి విజేందర్ కోసం తాను మరికల్‌లోనే దిగింది. దిగాలా? దిగితే పదకొండు దాటిపోతుంది. ఒట్టి అనుమానం మీద దిగుతారా ఎవరైనా, జ్వరం వచ్చిందేమో, మేనత్త ఊరికి పోయిందేమో. తల్లిదండ్రులు పుణె దిక్కు కట్టడం పనికి పోయారు, అవ్వ మారెమ్మ దగ్గర ఉంటుంది, ముసలామె కూడా కూలికి పోతుంది. ఇంతమాత్రం తెలుసు, అది కూడా అడ్మిషన్ కాయితం మీద చూసి. అంజయ్య సారుకు ఫోన్ చేసింది. నిహారిక వచ్చిందా సార్ ఇయ్యాల, జర కనుక్కోండ్రి, వాళ్లింటి దిక్కు పిల్లలెవరన్నా ఉంటె అడుగుండ్రి అంది. గొంతు మామూలుగానే వచ్చింది. ఆయన ఏందట్ల అని అడగలేదు, రెండు నిమిషాలల్ల చేస్త అన్నాడు. బస్సు కదిలింది. రెండు నిమిషాలు. నాలుగు. కందులామె తట్ట తన కాళ్ల మీదికి జరిగింది, జరగనిచ్చింది. అయిదు నిమిషాలకు ఫోను మోగింది.

"పొల్ల ఊర్ల లేదు మేడం," అన్నాడు అంజయ్య సారు. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే ఎగతాళి లేదు. తెల్లారుజామున ఫిట్స్ వచ్చినట్టు కొట్టుకుందట, ఆటోలో పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపోయారట, మారెమ్మ ఒక్కతే ఉందట వెంట. పక్కింటి వాళ్ల దగ్గర ముసలామె నంబరు దొరికింది, పంపాడు. బస్సు దేవరకద్ర దగ్గరికి వస్తోంది. శ్రీదేవి నంబరు నొక్కింది. అవతల ఎత్తగానే ముందు దవాఖాన చప్పుడు, ఎవరిదో ఏడుపు, ఇనుప బండి చక్రాలు. తానెవరో చెప్పింది. ముసలామె ఏడవలేదు, నీళ్లలో పడ్డవాడికి కర్ర దొరికినట్టు ఆ మాట పట్టుకుంది. "పంతులమ్మవా బిడ్డా, మంచిగ చేసినవు. ఈడ డాక్టరమ్మ ఎన్నొద్దుల సంది గిట్లున్నదని అడుగుతాంది. నాకేమెరుక, పొద్దుగాల పోయి పొద్దూకినంక వస్త. నీ దగ్గర రాసి ఉంటది గద, జర చెప్పు." ఫోను చేతులు మారింది. వయసులో తన కన్నా చిన్నదిలా ఉంది డాక్టరు, నిదానంగా, తొందరగా, రెండూ ఒకేసారి ఎట్లా మాట్లాడుతుందో, అడిగింది. చూపు ఎప్పటి నుంచి తగ్గింది? వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి? ఏ మందు కొట్టారు ఆ చేనులో? శ్రీదేవి కళ్లు కుడి వరసలో ఇరవై రెండు మీద ఉన్నాయి. నిహారిక. జూన్ పరీక్ష, పదకొండు మార్కులు. తెలుపు. పదిహేడో నంబరు గురించి అడిగి ఉంటే తేదీ, వారం, పూట చెప్పేది. చూపు ఆగస్టు పదహారో పదిహేడో నుంచి తగ్గి ఉంటుంది, బువ్వ తినడం లేదు పది రోజుల పైనే, నోట్లో నీళ్లు ఊరుతున్నాయి, ఎప్పటి నుంచో చూడలేదు, మందు పేరు తెలియదు అంది. డాక్టరు రాసుకుంటున్న చప్పుడు. రాసుకుని, ఆమె మెల్లగా ఇంకొకటి అడిగింది. "ఆ చేన్లకు ఈమెతోని ఇంకెంతమంది పిల్లలు పోతుండ్రు మేడం?"

ఎంతమంది. బస్సు దేవరకద్రలో ఆగి ఉంది, పల్లీలమ్మే అతను కిటికీ పక్కన అరుస్తున్నాడు, ఎండ ఎక్కింది. కనుక్కుని చెప్తానని పెట్టేసిన ఫోను చేతిలోనే మళ్లీ మోగింది, అంజయ్య సారేమో అనుకుంది. శివకుమార్ సారు. దగ్గరికి వచ్చారా మేడం, అందరం కూసున్నం, మీది ఒకటో గడే గద, నేను ముందే రాసుకుంటున్న అన్నాడు, ఆప్యాయంగా. ఒకటో గడి కాదు సార్ అంది శ్రీదేవి. రేపటి సంది అందరికీ బుక్కులిస్త, సరి లేదు బేసి లేదు అంది. "అట్ల ఇప్పుడు నడుమల ఇస్తె అది పేపరు గాదు మేడం. పంపనీకి రాదు. మీ డెప్యుటేషన్ సంగతి గూడ చూసుకోవాలె గద." కోపంగా అనలేదు ఆయన, నిజంగా ఆమె మంచి కోరే అన్నాడు, అదే కష్టంగా ఉంది. కాకపోనియ్యుండ్రి సార్ అంది. శ్రీవాణి ముఖం ఒక్క క్షణం కనబడి, వారం అడిగి, పోయింది. ఇంతకూ రేపు ఇచ్చే బుక్కు ఎవరికి ఇస్తుంది? రేపు క్లాసులో ఎంతమంది కూర్చుంటారు? ఈ ఆరు రోజుల్లో బడికి రానిది నిహారిక ఒక్కతే కాదు. కుడి దిక్కు బల్లలు పోయిన సోమవారం నుంచి పలచబడ్డాయి, క్రాసింగ్ రోజులు కదా, ఏటా ఉండేదే అనుకుంది, పదిహేను రోజులు దాటితే ఏరేయవచ్చు అనుకుంది. ఎడమ దిక్కు కూడా పలచబడింది. కాని ఎడమ దిక్కు వాళ్లు శనివారం బుక్కులు ఇచ్చి పోయారు, ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎట్లా ఉన్నారో తెలుసు.

అంజయ్య సారుకు తానే చేసింది. చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆ చేను ఎక్కడుందో కనుక్కొమ్మంది, హెడ్మాస్టరుతో చెప్పి అంబులెన్సుకు ఫోన్ చేయించమంది, బడికి రాని పిల్లల ఇళ్లకు ఇప్పుడే పొమ్మంది, ఇంట్లో లేకపోతే చేనుకు పొమ్మంది. అవతల ఆయన బండి తాళంచెవి కోసం జేబులు వెతుక్కుంటున్నట్టుంది, ఆయాసం వినబడుతోంది. అరవైకి దగ్గర పడ్డ మనిషి.

"నేనొక్కణ్ని, బండి ఒకటి. ముందుగాల ఎవరింటికి పోవాలె మేడం?"

"బుక్కు లేనోళ్ల ఇండ్లకు పోండ్రి సార్," అంది. "పేర్లు చెప్తున్న, రాసుకోండ్రి." కుడి వరస మీద వేలు పెట్టింది. ఒక్కొక్క పేరు చదువుతుంటే, పేరు వెనక ముఖం గబుక్కున వచ్చేది కాదు, వెతుక్కోవాల్సి వచ్చేది. జూన్ నుంచి రోజూ చూస్తున్న ముఖాలు. కొన్ని దొరికాయి. కొన్నింటికి ముఖం రాకముందే ఆయన, ఆ, ఇంకా, అన్నాడు. ఎనిమిది పేర్లయ్యాయి. కందులామె, ముందు సీటు ముసలామె ఇద్దరూ మాటలు ఆపి ఆమె వంకే చూస్తున్నారు. బస్సు కదిలింది, పాలమూరు ఇంకా అరగంట.

"పోయి ఏమని అడగాలె?" అన్నాడు అంజయ్య సారు. బండి స్టార్టయిన చప్పుడు.

"ఏమడగకుండ్రి. మీ చెయ్యి వాళ్ల ముందు వెట్టి, ఎన్ని వేళ్లు అవుపడుతున్నయో చెప్పమనుండ్రి."